‘బేగి రండి’ అన్నందుకు నవ్వితే

శ్రీకాకుళం నుంచి గుంటూరుకు కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లయిందనీ, మరిది కూతురి బారసాలలో మీరు “బేగి రండి, వడ్డించీసినాను” అని పిలిస్తే ఆడపడుచు ఆ మాటనే సాగదీసి అందరి ముందూ అనగా మీవారు కూడా వాళ్లతో కలిసి నవ్వారనీ, ఇప్పుడు ఏడేళ్ల పాప “బడికొచ్చినప్పుడు నువ్వు మాట్లాడకమ్మా, నాన్న మాట్లాడతాడు” అంటోందనీ రాశారు. యాస మార్చుకునే శిక్షణ ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగారు.

సాధన చేస్తే పలుకుబడి కొంత మారుతుంది. ఉద్యోగం కోసమో, వేదిక ఎక్కడం కోసమో అడిగి ఉంటే నేనే ప్రోత్సహించేదాన్ని. అయితే మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం వేరే ఉంది. అమ్మ ఫోను చేస్తే వంటగదిలోంచి బాల్కనీలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నానన్నారు. పాప ఆ తలుపును రోజూ చూస్తోంది. అమ్మ దాచుకుంటోందంటే అది సిగ్గుపడాల్సిందే కాబోలని ఆ వయసు పిల్లలు ఎవరూ చెప్పకుండానే అనుకుంటారు.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట పత్రికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి, సినిమా నాయకుడి నోటికి ఎక్కి ‘మామూలు తెలుగు’ అయి కూర్చుంది. మీ మాట చాలాకాలం హాస్యపాత్రలకే దక్కింది. ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం, 1863లో మీ శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారి జయంతి. (ఆయన వాదించింది శిష్టుల, అంటే చదువుకున్నవారి, వాడుక భాష కోసమే తప్ప ప్రతి మాండలికం కోసమూ కాదు లెండి; ఆయన పేరు చెప్పి అత్తవారింట్లో వాదన గెలవమని నేను అనడం లేదు.)

ఆడపడుచుతో తగవు పెట్టుకోకండి. పాప నిద్రపోయాక మీవారితో ఆ బారసాల రోజు గురించి మాత్రమే మాట్లాడండి. “మీవాళ్లంతా ఇంతే” అని మొదలుపెడితే ఆయన వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. “మీరు కూడా నవ్వేసరికి అక్కడ నాకంటూ ఎవరూ లేరనిపించింది” అంటే వినే అవకాశం ఎక్కువ. ఆయన చేయవలసింది కూడా చిన్నదే: ఇంకోసారి ఎవరైనా వెక్కిరిస్తే నవ్వకుండా, “వాళ్ల ఊళ్లో అలాగే అంటారు” అని పాప వినేలా ఒక్క మాట అనడం.

పాపను మందలించకండి, బడిలో ఎవరైనా ఏమైనా అన్నారేమో నెమ్మదిగా అడగండి. అమ్మ ఫోను వస్తే వంటగదిలోనే స్పీకరు పెట్టి అమ్మమ్మతో పాపను కూడా మాట్లాడించండి. మొదట్లో మీకే ఇబ్బందిగా ఉంటుంది. ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి మీరే వెళ్లి, టీచరుతో మీకు వచ్చినట్టే మాట్లాడండి. మీవారు వస్తానంటే పక్కన కూర్చోమనండి.