కంద దురద: కూరలో కూడా పోలేదన్నారు కదా

మీరు రెండు ప్రశ్నలు అడిగారు: కంద తరిగితే చేతులు ఎందుకు మండాయి, కూర తింటే గొంతు ఎందుకు గీరుకుంది అని. రెండింటికీ కారణం ఒకటే. కందలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనపడని సూదుల్లా ఉంటుంది. అవే గుచ్చుకుంటాయి.

మీరు కందని కడిగి, తడి చేత్తో చెక్కు తీశానన్నారు. అక్కడే తేడా వచ్చింది. మట్టి పొడిగుడ్డతో దులిపి, చేతులకి నూనె రాసుకుని, ముందు చెక్కు తీసి ముక్కలు కొయ్యండి. కడగడం ఆ తర్వాతే.

ఇక గొంతు సంగతి. ముక్క సరిగ్గా ఉడకలేదు, పైగా మీరు చింతపండు చివర్లో నాలుగు చుక్కలు పోశారు. అరకిలో కందకి నిమ్మకాయంత చింతపండు కావాలి. అందులో సగం రసం, ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలోనే ముక్కల్ని ఉడికించి, ఆ నీళ్ళు పారబోయండి. గరిటెతో నొక్కితే ముక్క వెన్నలా నలగాలి. పలుకుందంటే దురదుందనే లెక్క.

మా గోదావరి వైపు కంద బచ్చలి లేకుండా పెళ్ళి భోజనం ఉండదు. మీరూ అదే చేసి చూడండి. ఉడికిన కందలో మగ్గిన బచ్చలి, మిగిలిన పులుసు కలిపి దగ్గరపడనిచ్చి, ఇంగువ పోపు పెట్టండి. ఆవ ముద్ద మాత్రం కూర చల్లారాకే కలపాలి, వేడి మీద వేస్తే చేదెక్కుతుంది (నేను రెండుసార్లు పాడుచేశాను లెండి).

మీకు గొంతు గీరిన ఆ మిగిలిన కూర పారేయకండి. ఇంకాస్త చింతపండు రసం పోసి మళ్ళీ మెత్తగా ఉడికించి, కొంచెం రుచి చూడండి.