బయటికొచ్చినవాళ్ళ పుస్తకాలు

చి॥ కీర్తనకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నెట్‌ఫ్లిక్స్‌లో ‘అనార్థడాక్స్’, అదే, కట్టుబాట్ల మతసమాజం నుంచి బెర్లిన్‌కి పారిపోయిన అమ్మాయి సీరియల్, చూసి రాత్రంతా నిద్రపోలేదన్నావు. అసలు పుస్తకంతో పాటు అలాంటివే ఇంకేవైనా చెప్పమన్నావు. చెప్తాను గానీ, ముందో సంగతి. నువ్వు చూసిన బెర్లిన్ కథ సీరియల్‌వాళ్ళు కల్పించుకున్నది. డెబొరా ఫెల్డ్‌మన్ తన జీవితం గురించి అదే పేరుతో 2012లో అచ్చువేసిన పుస్తకంలో ఎక్కువ భాగం న్యూయార్క్‌లోనే, సత్మార్ హసీదీ యూదుల మధ్యే నడుస్తుంది. హసీదీలంటే పాత ఆచారాల్ని గట్టిగా పట్టుకుని బతికే యూదులు, సత్మార్ వాళ్ళలో ఒక శాఖ.

ఆ సత్మార్ వాళ్ళెవరో కాస్త తెలుసుకుని మొదలుపెట్టు. నాజీల చేతిలో అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని, ప్రాణాలతో మిగిలినవాళ్ళు న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ పేటలో మళ్ళీ కట్టుకున్న లోకం అది. యిడ్డిష్ అనే వాళ్ళ భాష, బట్టలు, పెళ్ళి నియమాలు, దేన్నీ జారనివ్వకూడదన్న పంతం అక్కణ్ణుంచే వచ్చింది. అది తెలియకపోతే డెబొరాని పెంచిన తాతయ్య నీకు వట్టి మొండిమనిషిలా కనిపిస్తాడు.

నేను మొదటిసారి ఆ పుస్తకం ఒక్క రాత్రిలో చదివేశాను. మర్నాడు పేరంటంలో సీరియల్ చెప్పినట్టు చెప్పుకొచ్చాను: పెళ్ళయ్యాక జుట్టు తీసేస్తారట, పదిహేడేళ్ళకే పెళ్ళట అని. వింటున్నవాళ్ళలో ఒకావిడ తాంబూలం తీసుకోకుండానే లేచి వెళ్ళిపోయింది. వాళ్ళ చెల్లెలు ఇల్లొదిలి ఏదో ఆశ్రమంలో చేరి ఏళ్ళయిందని తర్వాత తెలిసింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారే, ఆ రోజు కాకిని నేనే. రెండోసారి చదివినప్పుడు గానీ ఆ నాయనమ్మ వంటగది మీద డెబొరాకున్న ప్రేమ నా కంటబడలేదు.

అందుకే నువ్వు షూలెమ్ డీన్‌తో మొదలుపెట్టు. ఆయన పుస్తకం ‘ఆల్ హూ గో డు నాట్ రిటర్న్’ 2015లో వచ్చింది. ఆయనది స్క్వేర్ అనే ఇంకో హసీదీ శాఖవాళ్ళ ఊరు, న్యూ స్క్వేర్. దొంగచాటుగా విన్న రేడియో, గ్రంథాలయంలో తిరగేసిన విజ్ఞాన సర్వస్వాలు, అంతే, నమ్మకం కొంచెం కొంచెంగా సడలిపోతుంది. ఆయన పారిపోలేదు, 2005లో ఊరే పొమ్మంది. అయిదుగురు పిల్లలు. విడాకుల తర్వాత వాళ్ళు ఆయనకి దూరమైపోయే అధ్యాయాలు ఒకే రోజు చదవకు.

తర్వాత మెగన్ ఫెల్ప్స్-రోపర్ రాసిన ‘అన్‌ఫాలో’. కాన్సస్‌లోని టొపీకాలో వాళ్ళ తాత పెట్టిన వెస్ట్‌బరో చర్చి. వీధుల్లో ద్వేషపు ప్లకార్డులు పట్టుకునేవాళ్ళు, అయిదేళ్ళ వయసు నుంచీ ఈ పిల్ల కూడా; తర్వాత్తర్వాత సైనికుల అంత్యక్రియల దగ్గర కూడా. ఆమెని కదిలించింది తిట్లు కావు. ట్విట్టర్‌లో ఒక యూదు బ్లాగరు నవ్వుతూ, ఓపిగ్గా వాదించాడు. మీ ప్లకార్డులోని మాట ఏసు చెప్పినదానికి ఎదురు కాదా అని అడిగాడు. దానికి ఆమె దగ్గర జవాబు లేకపోయింది. 2012లో చెల్లెలితో బయటికొచ్చింది. అమ్మని అంత ప్రేమగా రాసిన పుస్తకం ఈ కోవలో నాకు ఇంకోటి తగల్లేదు.

చదివేటప్పుడు పెన్సిల్ పక్కన పెట్టుకో. ఘోరాల కింద గీతలు గీయొద్దు, అవి ఎలాగూ గుర్తుంటాయి. వదిలొచ్చినదాంట్లో ఏది తలుచుకుని బెంగపడుతున్నారో అక్కడ గీయి: పాట, పండగ భోజనం, తెల్లారేసరికి సాయానికొచ్చే ఇరుగుపొరుగు. బయటపడ్డాక వచ్చే పేజీలు చప్పగా ఉన్నాయని దాటేయకు. సర్టిఫికెట్ లేకుండా ఉద్యోగం వెతకడం, ఏ బట్ట వేసుకోవాలో తెలియకపోవడం, నాకైతే అసలు కథ అక్కడే ఉంది. న్యూయార్క్‌లో ఇలా వచ్చినవాళ్ళకి తోడుగా 2003లో ‘ఫుట్‌స్టెప్స్’ అనే సంస్థే పుట్టింది.

ఇంకోటి. లోపలే ఉండిపోయిన తల్లో, భర్తో తమ పుస్తకం రాయరు. డెబొరా చెప్పినవాటిలో కొన్నిటిని ఆ సమాజంవాళ్ళు కాదన్నారు కూడా. అంతమాత్రాన ఆమెని అబద్ధాలకోరు అనక్కర్లేదు, కానీ ఇంట్లో ఇంకో గొంతు ఉందని మాత్రం మరిచిపోకు.

డీన్ పుస్తకం నా బీరువాలో రెండో అరలో ఉంది, సెలవులకి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. ఒకచోట పేజీ మడత పెట్టి ఉంటుంది. నేను రెండుసార్లు ఆగిపోయింది అక్కడే. ఆ మడత అలాగే ఉంచు.

మీ పెద్దమ్మ