కెమెరా స్లో అయిందా? అమ్మే ముందు ఒకసారి కొలిచి చూడండి

ప్రశ్న: నేను ఊళ్లలో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను, దానితో వచ్చిన కిట్ లెన్సే వాడుతున్నాను. బటన్ నొక్కాక ఫొటో పడేసరికి అసలు క్షణం దాటిపోతోంది. మొన్న ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నొక్కితే, పిల్లగాడు చెయ్యి తీసేశాక పడింది. పెళ్లివాళ్లకు ఏం చెప్పాలో తెలియక చాలా టెన్షన్ పడ్డాను. అమ్మేసి కొత్తది కొనమంటారా? దీని స్పీడు ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: ఇప్పుడే అమ్మకండి తమ్ముడూ. మీరు స్లో అంటున్నదాంట్లో రెండు ఆలస్యాలు కలిసి ఉన్నాయి. లెన్స్ ఫోకస్ వెతుక్కోవడానికి పట్టే టైం ఒకటి, ఫోకస్ కుదిరాక అద్దం పైకి లేచి షట్టర్ తెరుచుకోవడానికి పట్టే టైం ఇంకొకటి. రెండోది దాదాపు ఏ డీఎస్‌ఎల్‌ఆర్‌లో అయినా సెకనులో పదో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది, పాతబడినంత మాత్రాన అది పెరిగిపోదు. మీ బాధ మొదటిదానితోనే అని నా అనుమానం, కానీ అనుమానంతో డబ్బు ఖర్చు పెట్టొద్దు కాబట్టి కొలవండి.

ఒక గోడకు పేపర్ అతికించి, దాని పక్కనే అంతే దూరంలో సెల్‌ఫోన్ పెట్టి సెకనులో వందో వంతు దాకా చూపించే స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్ పాయింట్ పేపర్‌లోని అక్షరాల మీద, ఫోన్ ఒక మూలకు వచ్చేటట్టు చూడండి. ఫోన్ మీదే ఫోకస్ పెడితే ఆ వెలుగుకు లెన్స్ తొందరగా పట్టేస్తుంది, ఫంక్షన్ హాల్లో మీకు ఎదురయ్యే కష్టం అందులో కనిపించదు. షట్టర్ స్పీడు 1/250 పెట్టి, లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కు మార్చి, సరిగ్గా 5 సెకన్లు పడినప్పుడు నొక్కండి. ఫొటోలో 5.12 అని కనిపించవచ్చు, ఇంకోసారి 5.09 రావచ్చు. ఇలా పదిసార్లు తీసి సగటు కట్టండి. తర్వాత ఆటో ఫోకస్‌లో పెట్టి, ప్రతిసారీ ముందు లెన్స్ ఫోకస్‌ను పూర్తిగా చెడగొట్టి, సగం నొక్కి ఆగకుండా ఒకేసారి పూర్తిగా నొక్కుతూ ఇంకో పది తీయండి. మన వేలి ఆలస్యం రెండు లెక్కల్లోనూ ఉంటుంది, అందుకే ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే మిగిలేది ఫోకస్‌కు పట్టిన టైం ఒక్కటే. ఫోన్ తెర మామూలుగా సెకనుకు 60 సార్లు మారుతుంది కాబట్టి ఒకటి రెండు వందో వంతుల తేడాను పట్టించుకోకండి. ఇదంతా ముందు పగటి వెలుగులో, తర్వాత గదిలో ఒక్క బల్బు వేసి చేయండి. తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

చెర్వుగట్టు జాతరలో అగ్నిగుండాలు తీయడానికి వెళ్లినప్పుడు నాకు ఇదే జరిగింది. చీకట్లో నిప్పుల వెలుగు ఒక్కటే ఉంది, లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంది, నేను తీద్దామనుకున్న పెద్దాయన గుండం దాటి వెళ్లిపోయాడు. ఆ రాత్రి కెమెరా పని అయిపోయిందనే అనుకున్నాను. ఇంటికి వచ్చి ఇదే పద్ధతిలో కొలిస్తే షట్టర్ ఎప్పటిలాగే ఉంది, తక్కువ వెలుగులో ఫోకస్‌కే సెకను కంటే ఎక్కువ పడుతోంది. మరుసటి ఏడు గుండం అంచు మీద ముందే ఫోకస్ పెట్టుకుని, మాన్యువల్‌కు మార్చి, కాలు పడే చోటు చూస్తూ నిలబడ్డాను. కెమెరా అదే, లెన్స్ అదే, ఫొటోలు మాత్రం వచ్చాయి.

పెళ్లిలో కూడా అయ్యగారి మంత్రం వింటూ ఉంటే ఆ క్షణం వస్తున్న సంగతి ముందే తెలుస్తుంది. పిల్ల ముఖం మీద ఫోకస్ పెట్టి, బటన్ సగం నొక్కి పట్టుకుని ఉండండి. మన కన్ను చూసి వేలు కదలడానికే సెకనులో ఐదో వంతు పోతుంది, కాబట్టి చెయ్యి తల మీదికి చేరాక నొక్కితే ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆలస్యమే, చెయ్యి లేస్తున్నప్పుడే నొక్కాలి. ఇంకొక్క మాట, ఫ్లాష్‌లో రెడ్ ఐ సెట్టింగ్ ఉంటే తీసేయండి. కొన్ని కెమెరాల్లో అది ముందు చిన్న లైట్ వెలిగించి దాదాపు ఒక సెకను ఆగాకే ఫొటో తీస్తుంది. ఇవన్నీ చేశాక కూడా తక్కువ వెలుగులో ఫోకస్ లేటు అయితే, బాడీ మార్చకుండా ఎక్కువ వెలుగు లోపలికి వచ్చే 50 ఎంఎం 1.8 లాంటి లెన్స్ కొనండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నాను, మా వైపు ఊళ్లలో జరిగే కబడ్డీ పోటీలు తీస్తుంటాను. బటన్ పట్టుకుంటే మొదట టకటకా పడతాయి, కాసేపటికే ఆగిపోయి ఒక్కొక్కటిగా పడతాయి. కెమెరా పాడైందా?
- ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: పాడవలేదు, బఫర్ నిండింది. తీసిన ఫొటోలు ముందు కెమెరా లోపలి మెమరీలోకి వెళ్లి, అక్కడి నుంచి కార్డులోకి ఎక్కుతాయి. కార్డు నెమ్మదిదైతే దారి మూసుకుపోతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా (RAW) ఫైలు, అంటే సెన్సర్ పట్టినది పట్టినట్టే దాచే ఫైలు, 25 ఎంబీ పైనే ఉండొచ్చు, క్లాస్ 10 అని రాసి ఉన్న కార్డు రాసే స్పీడుకు హామీ ఇచ్చేది సెకనుకు 10 ఎంబీ మాత్రమే, మీరే లెక్క వేయండి.

దీన్ని కొలవడం ఇంకా తేలిక. మాన్యువల్ ఫోకస్, షట్టర్ 1/500, ఎదురుగా అదే స్టాప్‌వాచ్, ఇరవై సెకన్లు బటన్ వదలకుండా పట్టుకోండి. తర్వాత ఫొటోల్లోని అంకెలు వరసగా చూడండి. మొదటి సెకనులో ఎన్ని పడ్డాయో అదే మీ అసలు స్పీడు, అంకెల మధ్య దూరం ఒక్కసారిగా పెరిగిన చోటే బఫర్ నిండింది. బటన్ వదిలాక కార్డు లైటు ఆరిపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసుకోండి. ఇదే పని జేపెగ్‌లో ఒకసారి, స్నేహితుడి దగ్గర మంచి కార్డు తీసుకుని ఒకసారి చేస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది.

కంపెనీ చెప్పిన లెక్క కూడా చూసుకోవాలి. కెనాన్ 1500డీ సెకనుకు 3 ఫొటోలు తీస్తుంది, నైకాన్ డీ5600 5 తీస్తుంది, అదే డీ5600లో ఎక్కువ వివరం దాచే 14 బిట్ రా పెడితే 4కు తగ్గుతుంది. సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్, లెన్స్ కరెక్షన్ లాంటివి ఉంటే అవి కూడా బఫర్‌ను తినేస్తాయి, ఆటకు వాటిని ఆపేయండి. కార్డు కొనేటప్పుడు పైన పెద్దగా రాసిన అంకె చూసి మోసపోవద్దు, అది చాలావరకు కార్డులోంచి ఫొటోలు చదివే స్పీడు, రాసే స్పీడు కాదు. వీ30 అని గుర్తు ఉంటే కనీసం సెకనుకు 30 ఎంబీ రాస్తుంది.

కూత మొదలైనప్పటి నుంచీ బటన్ పట్టుకుని ఉండకండి. సెకనుకు ఐదు తీసినా ఫొటోకు ఫొటోకు మధ్య ఐదో వంతు సెకను ఖాళీ ఉంటుంది, కాలు పట్టేది ఆ ఖాళీలోనే కావచ్చు. రైడర్ గీత వైపు తిరిగినప్పుడు మూడు నాలుగు చాలు.

ప్రశ్న: బతుకమ్మ ఆడుతుంటే వెనక స్క్రీన్‌లో చూస్తూ తీస్తాను, అన్నీ లేటుగానే పడుతున్నాయి. ఎందుకు?
- ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: స్క్రీన్‌లో చూసేటప్పుడు అద్దం పైకి లేచి ఉంటుందమ్మా, వేగంగా ఫోకస్ చేసే సెన్సర్‌కు అప్పుడు వెలుగు అందదు, అందుకే చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లు ఆ పద్ధతిలో తడుముకుంటాయి. కెనాన్ 200డీ, 80డీ లాంటి డ్యూయల్ పిక్సెల్ (ఫొటో తీసే సెన్సర్‌తోనే వేగంగా ఫోకస్ చేసే పద్ధతి) ఉన్నవాటికి ఈ ఇబ్బంది తక్కువ. మీరు కన్ను పెట్టి చూసే కిటికీలోంచి తీయండి. ఆడేవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరిగి మళ్లీ అదే చోటికి వస్తారు, ఆ చోటు మీద ఫోకస్ పెట్టుకుని ఆగండి, మీకు కావాల్సిన వాళ్లు అక్కడికి రాగానే నొక్కండి.