ఆ పెనాల్టీని డిడా ఆపాడమ్మా

అమ్మాయ్,

స్పెయిన్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ షాబీ అలోన్సో మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ఆటంటే నీకు పిచ్చి అని తెలిసిపోతోంది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు గనక దాని జోలికి పోను.

మూడో పేరాలో, 2005లో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్, మిలాన్ ఆడిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ ఆటగాడు అలోన్సో ‘పెనాల్టీని అద్భుతంగా గోల్‌గా మలిచి’ స్కోరు 3-3 చేశాడని రాశావు. లేదమ్మా. ఆ పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ డిడా ఆపాడు. ఆపిన బంతి వెనక్కి వస్తే, డిడా లేచేలోపే అలోన్సో ఉరికి ఎడమకాలితో వలలోకి ఎత్తి కొట్టాడు.

నాకింత గట్టిగా ఎందుకు గుర్తుందంటే, ఆ రాత్రి నేను స్పోర్ట్స్ డెస్క్‌లో ఉన్నాను. మన టైము ప్రకారం ఒంటిగంటకి హాఫ్‌టైమ్. మిలాన్ 3, లివర్‌పూల్ 0. సిటీ ఎడిషన్‌కి టైమైపోతోంది. ‘మిలాన్‌దే కప్పు’ అని హెడ్డింగ్ పెట్టేసి, కింద నాలుగు పేరాలు అల్లేసి, టీకి దిగాను. నేను పైకొచ్చేసరికి 3-2. గెరార్డ్, స్మిట్సర్ కొట్టేశారు, అలోన్సో పెనాల్టీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆరు నిమిషాల్లో మూడు గోల్స్. పేజీ ఇంకా వదల్లేదు కాబట్టి బతికిపోయాను. ఆట చూడకుండా రాసిన మాటలు ఎలా ఉంటాయో నాకు ఆ రాత్రే తెలిసింది. నీ ‘మలిచి’ కూడా ఆ బాపతే. స్కోరుబోర్డు చూసి రాసే మాట అది. డిడా చేతికి తగిలిన బంతికీ అలోన్సో ఎడమకాలికీ మధ్య ఒక క్షణం ఉంది. ఆ పేరా మొత్తం ఆ క్షణానిదే కావాలి.

ఇంకో సంగతి. ‘అద్భుతం’ తొమ్మిదిసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. అలోన్సో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు: ఇంగ్లండ్‌లో కుర్ర ఆటగాళ్లని నీ బలమేమిటని అడిగితే ట్యాకిల్, అంటే కాలడ్డం పెట్టి ఎదుటివాడి బంతి లాక్కోవడం, అంటారట, అతనికది వింతగా తోచిందట. ట్యాకిల్ అనేది గత్యంతరం లేనప్పుడు చేసేది, దాన్నొక గుణంగా చెప్పుకోవడమేమిటని. మిడ్‌ఫీల్డ్‌లో నిలబడాల్సిన చోట ముందే నిలబడినవాడికి కాలడ్డం పెట్టే పని తక్కువ. నీ తొమ్మిది అద్భుతాలూ ఒకసారి చూసుకో. ప్రతిచోటా ముందు వాక్యంలో ఏం జరిగిందో చెప్పకుండా వదిలేశావు. అందుకే పరుగెత్తుకొచ్చి కాలడ్డం పెట్టాల్సొచ్చింది.

కప్పుల జాబితా పేజీన్నర ఉంది. 2008, 2012 యూరో, 2010 ప్రపంచ కప్... సరే, ఒక్క వాక్యం చాలు. అందులో కలిపేసిన, రియల్ మాడ్రిడ్ గెలిచిన 2014 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ని మాత్రం బయటికి తియ్యి. లిస్బన్‌లో అతను ఆడనే లేదు, సస్పెన్షన్. సూటు వేసుకుని స్టాండ్‌లో కూర్చున్నాడు. అదనపు సమయంలో తన జట్టువాడు బేల్ గోల్ కొట్టగానే ఆ సూటుతోనే మెట్లు దిగి మైదానం అంచుదాకా ఉరికాడు. తర్వాత కోచ్ అయినవాడి గురించి రాస్తూ ఆ సూటుని ఎలా వదిలేశావో నాకర్థం కాలేదు.

నాకు అసలు కోపం వచ్చింది ‘2017లో రిటైరై, అనంతరం లెవర్‌కూజెన్ కోచ్‌గా’ దగ్గర. ఆ ‘అనంతరం’లో ఐదేళ్లున్నాయి తల్లీ! ప్రపంచ కప్ గెలిచిన మనిషి మొదట మాడ్రిడ్‌లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకి నేర్పాడు. 2019లో సొంతగడ్డకి వెళ్లి రియల్ సొసియెదాద్ రెండో జట్టుని తీసుకున్నాడు. వాళ్ల నాన్న పెరికో అలోన్సో లీగ్ గెలిచిన క్లబ్ అది. షాబీని పందొమ్మిదేళ్లకే కెప్టెన్ చేసిందీ అదే. ఆ రెండో జట్టుని 2021లో, దాదాపు అరవై ఏళ్ల తర్వాత, రెండో డివిజన్‌కి ఎక్కించాడు. మరుసటి ఏడే అది మళ్లీ కిందికి పడిపోయింది. నువ్వు దాచిపెట్టింది ఇదే. ఎందుకు దాచావు? అతని పరువు పోతుందనా? పడిపోయిన జట్టు కోచ్‌నే కదా, కొన్ని నెలలకి, 2022 అక్టోబరులో, జర్మనీ క్లబ్ లెవర్‌కూజెన్ పిలిచింది. పద్దెనిమిది జట్లలో పదిహేడో స్థానంలో ఉందప్పుడు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఐదు పాయింట్లు.

ఆ ఊరి జట్టుని జర్మన్లు ‘వీట్సెకూజెన్’ అని ఏడిపించేవాళ్లు. వీట్సె అంటే ఉప సర్పంచ్‌లో ‘ఉప’ లాంటిది. ఎప్పుడూ రెండో స్థానమే అని. 1904లో పుట్టిన క్లబ్‌కి 2024 ఏప్రిల్ 14న బ్రెమెన్ మీద 5-0తో మొదటి లీగ్ టైటిల్ వచ్చింది. 34 మ్యాచ్‌లు, 28 గెలుపులు, 6 డ్రాలు, ఓటమి లేదు. ఈ అంకెలు నీ వ్యాసంలో ఉన్నాయి, బాగున్నాయి. వెక్కిరింపు లేదు. అది లేకపోతే ఈ అంకెలు ఎవరి నోళ్లు మూయించాయో చదివేవాడికి తెలీదు. అన్ని పోటీలూ కలిపి 51 మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి డబ్లిన్‌లో యూరోపా లీగ్ ఫైనల్లో ఇటలీ జట్టు అటలాంటా చేతిలో 0-3 తిన్నారు. అదీ రాయి.

పందెం కథ తీసెయ్. సగం మైదానం అవతలనుంచి అలోన్సో గోల్ కొడతాడని 200 పౌండ్లు కాసి 25,000 గెలిచిన అభిమాని కథ నాకూ ఇష్టమే. కానీ నీ వ్యాసంలో పావువంతు తినేసింది. అది వేరే వ్యాసం, వేరే ఆదివారం.

చివరగా, పేరు. ఒకచోట ‘జాబి’, ఒకచోట ‘క్సాబి’, ఇంకోచోట ‘జావి’ అని రాశావు. ఇంగ్లిష్‌లో అతని పేరు X తో మొదలవుతుంది; స్పెయిన్‌లోని అతని సొంతగడ్డ బాస్క్ భాషలో ఆ అక్షరం ‘ష’. టోలోసాలో పుట్టినవాడు షాబీ. స్పెయిన్ జట్టులో పక్కన ఆడి, తనూ కోచ్ అయిన కాటలాన్ మనిషి చావీ. మన పేపర్లలో ఇద్దరినీ కలిపేసి ఒకరి ఫొటో కింద ఇంకొకరి పేరు పడటం నా కళ్లతో చూశాను. ప్రూఫ్ దిద్దింది నేనే.

శనివారంలోగా పంపు.

మీ అంకుల్