ముందు చూసింది రాయి, పేరు తర్వాత పెట్టు

అమలాపురం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మన డెల్టాలో నేల, నీరు, చెట్టు ఎలా మారుతున్నాయో పొలం గట్టు మీద నిలబడి చూసి, ఉపగ్రహ బొమ్మల నుంచి ప్రపంచ పటాలు గీసేవాళ్ళకు లెక్క పంపే బాధ్యత నీకు అప్పజెప్పారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సార్వా (ఖరీఫ్) ఊడ్పులకు ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా ఏది ఎలా చేయాలో, ఎక్కడ పాడవుతుందో రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఈ పని ఎక్కువగా చెడేది మాటల దగ్గర. మెకాంగ్ డెల్టా వాళ్ళు, నైలు డెల్టా వాళ్ళు, మనం, ముగ్గురం కాగితం మీద ‘చెరువు’ అని రాస్తే మూడు వేరువేరు వస్తువులు ఒకే గడిలో పడతాయి. అంత దూరం ఎందుకు? ఒక ఊళ్ళో చెరువంటే మంచినీళ్ళ చెరువు, భీమవరం వైపు చేపల చెరువు, సముద్రం వారన రొయ్యల చెరువు. అందుకని చూసినదాన్ని ముందు రాయి, పేరు తర్వాత పెట్టు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ళ వర్గీకరణ కూడా ఇలాగే నడుస్తుంది: నేల మీద మొక్క ఉందా లేదా, నేల పొడిదా నీటిదా, మనిషి పెంచిందా తనంత మొలిచిందా అని అడిగి, ఆ తర్వాతే ఎత్తు, దట్టం చూస్తుంది. నీ కాగితంలో గడులు ఇలా పెట్టుకో: నీరు ఎన్ని సెంటీమీటర్లు, మొక్క ఎత్తు ఎన్ని మీటర్లు, పైనుంచి చూస్తే నేలలో ఎంత శాతం కప్పింది, ఎవరు వేశారు, గట్టు ఎంత ఎత్తు, ఏరేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) ఉన్నాయా. ఇవి ఉంటే ఏ దేశంవాళ్ళయినా తమ పట్టికలోకి మార్చుకోగలరు. ఉత్త పేరే ఉంటే ఎవరికీ పనికిరాదు.

దీనికి కోనసీమ కొబ్బరే సాక్ష్యం. ఉపగ్రహానికి అది చెట్ల కప్పు, చాలా పటాల్లో ఆకుపచ్చగా అడవి రంగులోనే పడుతుంది. ఎఫ్ఏఓ నిర్వచనం ప్రకారం అడవి అంటే అర హెక్టారుకు మించిన జాగా, 5 మీటర్లకు మించి పెరిగే చెట్లు, 10 శాతానికి మించిన కప్పు. ఈ మూడూ కొబ్బరితోటకు సరిపోతాయి. అయినా వ్యవసాయం కింద పెంచే తోటలు అడవిలోకి రావని అదే నిర్వచనం చెబుతుంది. కాబట్టి ‘కొబ్బరి, ఎత్తు 12 మీటర్లు, కప్పు 60 శాతం, అడుగున కోకో, మనిషి వేసింది’ అని పూర్తిగా రాయి. నువ్వు ‘చెట్లు’ అని వదిలేస్తే రేపు ఎవరో ఆ తోట నరికి ఇల్లు కట్టుకున్నప్పుడు అడవి నరికినట్టు లెక్కలోకెక్కుతుంది.

ఇక చోటు సంగతి. లాండ్‌శాట్, సెంటినెల్-2 అనేవి నేలను పైనుంచి బొమ్మ తీసే ఉపగ్రహాలు. లాండ్‌శాట్ బొమ్మలో ఒక గడి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్లు. సెంటినెల్-2 గడి 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. నువ్వు ఎంచుకునే పాయింటు చుట్టూ మూడు గడుల పొడవు, మూడు గడుల వెడల్పు ఒకే రకంగా ఉండాలి. లాండ్‌శాట్‌కైతే అది సరిగ్గా రెండెకరాలు. మన దగ్గర రెండెకరాల ముక్క మధ్యలో గట్టు, గట్టు మీద కొబ్బరి వరస, పక్కనే బోదె ఉండటం మామూలే. అలాంటిచోట వరి, కొబ్బరి కలిసి ఒక గడిలో పడి, రెండూ కాని రంగు వస్తుంది. ఆ పాయింటును పారేయకు, ‘కలిపి ఉంది’ అని వాటా శాతాలతో రాయి.

ఫోన్ జీపీఎస్ ఆరుబయట నాలుగైదు మీటర్ల లోపు తప్పుతో చూపిస్తుంది, కొబ్బరి ఆకుల కింద ఇంకా ఎక్కువ తప్పుతుంది. ఆకాశం కనిపించే చోటికి జరిగి, రెండు నిమిషాలు ఆగి, అక్షాంశం, రేఖాంశం రాసుకుని, అక్కణ్ణుంచి చేను మధ్యకు ఎన్ని మీటర్లు, ఏ దిక్కు అన్నది కలుపు. దశాంశం తర్వాత ఐదంకెలు రాస్తే మీటరు దాకా చాలు. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. అమలాపురం దాదాపు 16.58, 82.0. వీటిని తారుమారు చేసి పంపితే ఆ వరిచేను ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రంలో తేలుతుంది. పాత టోపోషీట్ల (సర్వే పటాల) నుంచి ఎత్తిన అంకెలు నేరుగా వాడకు. వాటి భూగోళ కొలత వేరు, ఇప్పుడు జీపీఎస్ వాడే డబ్ల్యుజీఎస్-84 కొలతకి మార్చకపోతే పాయింటు పక్క చేలోకి జారుతుంది.

ఫొటోలు ఐదు: ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర, చివరగా కాళ్ళ దగ్గర నేల. ఈ వరస మార్చకు. 10 సెంటీమీటర్లకో గీత గీసిన కర్ర ఒకటి బొమ్మలో నిలబెట్టు. దాన్ని బట్టి వరి ఎత్తు, నీటి లోతు ఎవరైనా తర్వాత చదువుకోగలరు. మోటారుకో ట్రాన్స్‌ఫార్మరుకో ఆనుకుని నిలబడితే ఫోన్ దిక్సూచి దారి తప్పుతుంది, దూరం జరిగి చూడు.

తేదీ 05-07 అని రాశావనుకో, అమెరికాలో మే 7 అని చదువుతారు. 2025-07-05 అని సంవత్సరం ముందు పెట్టు. టైమ్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి సమయం) కూడా రాయి, మనది దానికన్నా ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 5:30 లోపు తీసినదానికి అక్కడ ముందురోజు తేదీ పడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, వరీ చెరువూ. జులై, ఆగస్టుల్లో ఊడ్పుల చేను నిండా నీళ్ళే. మొక్క అరచెయ్యంత, కప్పు పది శాతం కూడా ఉండదు. ఒక్క బొమ్మ చూసి అది చెరువో చేనో తేల్చడం కష్టం. పైగా ఆ రోజుల్లో మబ్బు, కాబట్టి సెంటినెల్-2 ఐదు రోజులకోసారి వచ్చినా, లాండ్‌శాట్ 8, 9 కలిసి ఎనిమిది రోజులకోసారి వచ్చినా తెల్లటి బొమ్మలే చేతికొస్తాయి. అప్పుడు రాడార్ కావాలి. సెంటినెల్-1, శ్రీహరికోట నుంచి 2025 జులై 30న ఎగిరిన నైసార్, రెండూ మబ్బులోంచి చూస్తాయి. కదలని నీటి మీద పడిన తరంగం అద్దం మీద వెలుగులా అవతలికి పోతుంది, అందుకని నీరు నల్లగా పడుతుంది. ఊడ్చిన చేను మొదట నల్లగా ఉండి, పిలక వేసేకొద్దీ తెల్లబడుతుంది. చెరువు నెలల తరబడి నల్లగానే ఉంటుంది. తేడా పట్టిచ్చేది ఆ మార్పే. అయితే ఏరేటర్లు తిరుగుతున్న రొయ్యల చెరువు, గాలికి అలలు లేచిన చెరువు కూడా కాస్త తెల్లబడతాయి. పట్టుబడి అయ్యాక ఎండగట్టిన చెరువు బీడులా కనిపిస్తుంది. కాబట్టి పాయింటుకు ఒక్కసారి వెళ్ళి సరిపెట్టకు. ఊడ్పులప్పుడు, పొట్ట దశలో, కోతలయ్యాక, దాళ్వా (రబీ) నడుమ, ఏడాదికి కనీసం నాలుగుసార్లు వెళ్ళు.

మిగతా దేశాలవాళ్ళతో కలిపి షెడ్యూలు వేసేటప్పుడు ఇక్కడే పట్టుబట్టు. అందరూ ఒకే తారీఖున కొలవాలని ఎవరో ఒకరు అంటారు. మెకాంగ్‌లో ఏడాదికి మూడు పంటలు పండే చోట్లున్నాయి, మనకు సార్వా, దాళ్వా రెండే, అవీ కాలువకు నీళ్ళు వదిలే రోజును బట్టి జరుగుతాయి. ఒకే తారీఖు పెడితే వాళ్ళ కోతను మన ఊడ్పుతో పోల్చినట్టవుతుంది. తారీఖు కాక పంట దశను ఉమ్మడిగా పెట్టుకోమని చెప్పు. లాకుల దగ్గర కాలువ నీళ్ళు చూసే లస్కర్లను అడిగితే నీళ్ళు ఏ రోజు వదిలారో, ఏ రోజు కట్టారో చెబుతారు. ఆ రెండు తేదీలూ ప్రతి సీజన్‌కూ పంపు.

పాయింట్లు ఎంచడంలో రోడ్డు వారన ఉన్నవే తీసుకోవాలనిపిస్తుంది. రోడ్డు పక్కన ఇళ్ళు, తోటలు ఎక్కువ, లోపలి చేలు తక్కువ. అది డెల్టా బొమ్మ కాదు, రోడ్డు బొమ్మ. ప్రతి రకం నేలలోనూ కంప్యూటరుతో యాదృచ్ఛికంగా పాయింట్లు తీయించు, తక్కువగా ఉండే రకాలకు కూడా 50కి తగ్గకుండా. చేరలేని పాయింటు బదులు పక్కది పెట్టకు, ‘చేరలేదు’ అని రాసి, స్పష్టమైన ఉపగ్రహ బొమ్మలో ఇద్దరు విడివిడిగా చూడండి. పటం ఏమంటోందో ఆ ఇద్దరికీ ముందుగా చెప్పకు, చెబితే కన్ను దానివైపే లాగుతుంది. పటం తయారీకి వాడిన పాయింట్లతో ఆ పటాన్నే పరీక్షించవద్దు.

ఈ పాయింట్ల విలువ ఒక లెక్కలో చూపిస్తాను. పటంలో చెరువులు 1,000 హెక్టార్లు, వరి 9,000 అనుకో. చెరువుల్లో చూసిన 100 పాయింట్లలో 90 నిజంగా చెరువులు. వరిలో చూసిన 100లో 4 చెరువులుగా తేలాయి. పటం చెరువులన్న 1,000లో నిజంగా చెరువులు 900, దానికి 9,000లో నాలుగు శాతం 360 కలిపితే అసలు చెరువుల విస్తీర్ణం 1,260 హెక్టార్లు. వరిలో తప్పు నాలుగే అయినా, వరి విస్తీర్ణం పెద్దది కాబట్టి చెరువుల లెక్క నాలుగో వంతుకు పైగా పెరిగింది. పటంలో గడులు లెక్కపెట్టి విస్తీర్ణం చెప్పేవాళ్ళకు ఈ లెక్క చూపించు.

కొల్లేరుకు వెళ్ళినప్పుడు ఒక జాగ్రత్త. అది 2002లో రామ్‌సర్ జాబితాలోకెక్కింది (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా), ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, చట్టం గీసిన గీత. నువ్వు రాయాల్సింది ఆ రోజు నీరు ఎంతవరకు ఉంది, గట్లు ఎక్కడున్నాయి, అంతవరకే. కోరింగ మడ అడవుల్లో ప్రతి కొలతతోపాటు పోటా పాటా, ఆ గంటకు నీరెంతన్నది రాయి. పోటు మీద తీసిన బొమ్మలో అంచు మడ మునిగి నీరుగా పడుతుంది. తిల్ల చెట్టు కొమ్మ విరవకు, పాలు కంట్లో పడితే ప్రమాదం.

మట్టి కర్బనానికి 30 సెంటీమీటర్ల లోతు తీయాలి. దమ్ము చేసిన చేలో పదిహేను, ఇరవై సెంటీమీటర్ల దగ్గర గట్టి పొర ఉంటుంది, కాబట్టి 0–15, 15–30 అని రెండుగా తీయి. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రింగు పడితే లోపల 98 ఘన సెంటీమీటర్ల మట్టి. రింగు మీద చెక్క పెట్టి మెల్లగా దించు, సుత్తితో నేరుగా కొడితే మట్టి నొక్కుకుపోయి బరువు ఎక్కువ చూపిస్తుంది. ఏప్రిల్, మేలలో నల్లరేగడి నెర్రెలిచ్చినప్పుడు అసలు తీయకు, పదునుమీద తీయి. 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి తూచు, ఆ గ్రాములను 98తో భాగిస్తే సాంద్రత. కర్బనం శాతం, సాంద్రత, లోతు గుణిస్తే హెక్టారుకు టన్నులు: 0.6 శాతం, సాంద్రత 1.35, లోతు 30 సెంటీమీటర్లు అయితే 24.3. ఉప్పుకు ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు వాడేముందు సెంటీమీటరుకు 1.413 మిల్లీసీమెన్స్ ఉన్న ప్రామాణిక ద్రావణంలో సరిచూడు. మట్టికి నీరు ఏ పాళ్ళలో కలిపావో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఇదంతా చివరికి ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 15.3.1 సూచికలో, అంటే నేల ఎంత క్షీణించిందో చెప్పే లెక్కలో కలుస్తుంది. నేల మీది కప్పు, పచ్చదనం పెరిగే తీరు, మట్టిలోని కర్బనం, మూడింటిలో ఏ ఒక్కటి దిగజారినా ఆ నేల క్షీణించినట్టే లెక్క. వరిచేను చెరువైతే పచ్చదనం పడిపోతుంది, కంప్యూటరు క్షీణతగా చూపిస్తుంది. స్థానికంగా అది నిజం కాదని ఆధారాలతో చెప్పుకునే వీలు దేశాలకు ఉంది. చెరువు ఎప్పుడు తవ్వారు, మంచినీరా ఉప్పునీరా, పక్క చేలో ఈసీ ఎంత, ఇవి పంపు. కానీ రొయ్యల చెరువు పక్కన చేను చౌడెక్కుతుంటే దాన్ని తప్పు లెక్కగా కొట్టేయడానికి మాత్రం ఒప్పుకోకు. ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

రైతు పేరు, ఫోను, సర్వే నంబరు బయటికి వెళ్ళే ఫైల్లో ఉండకూడదు. నువ్వు చెరువు అనుమతుల తనిఖీకి రాలేదని మొదటే చెప్పు, వెళ్ళేముందు ఆ చేను ఈసీ ఎంతో అతనికి చెప్పిరా.

కాలువకు నీళ్ళొచ్చిన మొదటి వారంలోనే 20 పాయింట్లు చేసి, కాగితాలూ ఫొటోలూ నాకు పంపు. పడవల మీద లంకలకు వెళ్ళే పాయింట్లు మాత్రం వరద తగ్గేదాకా ముట్టుకోవద్దు.

మీ మావయ్య