గొంతులోంచి గొట్టం దింపి ఊపిరితిత్తులకి వేడి పెడతారంట, నిజమేనా సార్?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా అక్కకి 44 ఏళ్లు, పదేళ్లుగా ఉబ్బసం. రోజూ ఇన్‌హేలర్ పీలుస్తానే ఉంది, అయినా పోయినేడు మూడుసార్లు అర్ధరాత్రి ఆటోలో ఎమర్జెన్సీకి ఎత్తుకుపోయినాం. ప్రతిసారీ స్టెరాయిడ్ మాత్రలే, మొహం ఉబ్బిపోతా ఉంది. మందుల్లేకుండా వేడితో ఆస్తమా తీసేస్తారని పక్కింటావిడ చెప్పింది. చేయించొచ్చా?

జవాబు: ఉండేదమ్మా, పేరు బ్రాంకియల్ థర్మోప్లాస్టీ, కానీ ఆ పరికరం తయారీని కంపెనీ ఆపేసింది, ఇప్పుడు దొరకడం కష్టం. పైగా 'తీసేస్తారు' అన్న మాట కొట్టేయండి, 'మందుల్లేకుండా' అన్నది కూడా.

ఏళ్ల తరబడి ఆస్తమా ఉంటే గాలిగొట్టాల గోడల్లో కండరం మందమైపోతుంది, అటాక్ వచ్చినప్పుడు అదే బిగుసుకుని దారి మూసేస్తుంది, పిల్లికూతలు అందుకే. బ్రాంకోస్కోప్, అంటే చివర కెమెరా ఉండే సన్నటి గొట్టం, లోపలికి పంపి, దాని చివర గొడుగులా విచ్చుకునే నాలుగు తీగల్ని గోడకి ఆనించి 65 డిగ్రీల వేడి 10 సెకన్లు ఇచ్చేవాళ్లు, కాస్త వెనక్కి లాగి మళ్లీ ఇచ్చేవాళ్లు, అట్లా కండరాన్ని పలచన చేసుకుంటూ వచ్చేవాళ్లు. మొత్తం మూడు సిట్టింగులు, మధ్యలో కనీసం మూడు వారాల గ్యాప్.

అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. అంతకుముందు 288 మంది మీద చేసిన ట్రయల్‌లో ఇది చేయించుకున్నవాళ్లలో 79 శాతం మందికి రోజువారీ బతుకు తేలికైంది, బాగానే ఉంది కదా, అయితే వేడి పెట్టకుండా ఉత్తుత్తి ప్రొసీజర్ చేసినవాళ్లలో కూడా 64 శాతం మంది అదే మాట చెప్పారు! ఎమర్జెన్సీకి పరిగెత్తడం మాత్రం నిజంగానే బాగా తగ్గింది. ఇంకోటి, చేసిన మొదటి వారం ఆయాసం తగ్గకపోగా పెరిగేది, ఆ ట్రయల్‌లో ఇది చేయించుకున్నవాళ్లలో 8 శాతం మందిని అడ్మిట్ చేయాల్సొచ్చింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, 18 ఏళ్లలోపు వాళ్లకి చేసేవాళ్లు కాదు.

ముందు ఒక పని చెయ్యండి, అక్క ఇన్‌హేలర్ ఎట్లా పీలుస్తోందో పక్కన కూర్చుని చూడండి. చిత్తూరు మామిడి మండీలో లెక్కలు రాసే పెద్దాయన ఒకాయన మందు పనిచేయట్లేదని నా మీద కేకలేశాడు, నా ఎదురుగానే వాడమన్నా, క్యాప్సూల్ పెట్టి మెషిన్ తిప్పకుండానే గట్టిగా పీల్చేశాడు, తెరిచి చూపిస్తే పొడి మొత్తం అట్లాగే ఉంది! ఆర్నెల్లు ఉత్త గాలే పీల్చాడు పాపం.

అక్కది కరెక్టుగానే ఉంటే స్విమ్స్‌లో గానీ వేలూరు సీఎంసీలో గానీ పల్మనాలజీకి (ఊపిరితిత్తుల విభాగానికి) చూపించండి. రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు), ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) చూసి బయలాజిక్ ఇంజెక్షన్లు, అంటే ఆస్తమా వాపుని పెంచే పదార్థాల్ని అడ్డుకునే మందులు, పడతాయా అని ఆలోచిస్తారు, అవి పడకపోతేనే ఈ వేడి సంగతి చూసేవాళ్లు, అదీ అన్ని ఊళ్లలో చేసేవాళ్లు కాదు. అది చేయించుకున్నవాళ్లు కూడా ఇన్‌హేలర్ మానకూడదు. ఆ స్టెరాయిడ్ మాత్రలు కూడా, మొహం వాచిందని మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.