అమెచ్యూర్ కార్ రేసుల్లో గెలిపించేది డ్రైవరా, కారా?

ఎక్కువగా డ్రైవరే; పోటీపడే డ్రైవర్ల నైపుణ్యం దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే కార్ల తేడా బయటపడుతుంది. మలుపులో వేగానికి హద్దు పెట్టేది ఇంజిన్ కాదు, టైర్ల పట్టు, తిరిగే వంపు ఎంత వెడల్పన్నది. హనుమకొండలో ఓ ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి కార్లు నడిపారనుకోండి. పొడి తారు మీద, మామూలు టైర్లతో, 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో గంటకు సుమారు 45 కిలోమీటర్లు దాటితే కారు జారిపోతుంది. అదే మలుపులోకి బయటి అంచు నుంచి వచ్చి, లోపలి కోన్‌ను ఆనుకుని, మళ్లీ బయటికి వెళ్తే వ్యాసార్థం 30 మీటర్లయిందనుకుందాం, వేగం 55కి చేరుతుంది. కారు అదే, టైర్లూ అవే! హార్స్‌పవర్ ఎక్కువుంటే చాలనుకోవడం పెద్ద అపోహ. అది ప్రధానంగా పొడవైన నేరుదారిలోనే పనికొస్తుంది. డబ్బు పెట్టాలంటే ముందు మంచి టైర్లకు పెట్టండి.